చాంపియన్‌కైనా "చాలు, బండి దిగు" అనే మనిషి కావాలి

మా అనంతపురంలో బండ్ల పిచ్చి ఉన్నోళ్ళు నలుగురు చేరితే మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద గుంతలు, దిబ్బలు ఎగురుతూ చేసే బండ్ల రేసు) మాట రాకుండా పోదు, వచ్చిందంటే చివరికి ఒకే గొడవ దగ్గర ఆగుతుంది. అమెరికాలోనో యూరప్‌లోనో అంత డబ్బు సంపాదించే ప్రొఫెషనల్ రేసర్‌కి ట్రైనర్ ఎందుకు, రైడింగ్ కోచ్ ఎందుకు? నాలుగైదేళ్ళ వయసులో చిన్న బండి ఎక్కినోడు, అప్పట్నుంచి దాని మీదే బతుకుతాండేటోడు, వానికి ఇంకొకడు పక్కన నిలబడి మోచేతులు పైకెత్తు అని చెప్పాల్నా? మా మెకానిక్ అన్న అయితే ఈ మాట వస్తే స్పానర్ కింద పెట్టి మరీ వాదిస్తాడు. "యప్పా, వానికి చెప్పేంత వచ్చినోడే అయితే వాడే రేసుకు పోయింటాడు కదా, పక్కన స్టాప్‌వాచ్ పట్టుకోని నిలబడేదెందుకు?" అంటాడు.

ప్రశ్న మంచిదే, అందుకే దీని మీద పొడుగ్గా రాస్తాండా. నా మాట ముందే చెప్పేస్తా, కావాలి. ఖచ్చితంగా కావాలి. కాకపోతే జనం అనుకునే కారణం వేరే. ట్రైనర్ అంటే మనకి గుర్తొచ్చేది పీఈటీ సారు, ఇంకో రౌండు పరిగెత్తు ఇంకో పది తీయి అని అరిచే మనిషి. ప్రొఫెషనల్ రేసర్‌కి ఆ అరుపు అక్కర్లేదు, ఆ స్థాయికి వచ్చినోడు ఎవరూ చెప్పకుండానే ఒళ్ళు హూనమయ్యేదాకా చేస్తాడు, చేయనోడు అక్కడిదాకా రానే రాడు. వానికి లేనిది ఆపే మనిషి. ఇంకొకటి, హెల్మెట్ లోపలున్నోడికి తన రైడింగ్ తనకి కనపడదు, దాన్ని బయట నుంచి చూసి చెప్పే కన్ను.

ముందు ఈ ఆట ఒంటి మీద ఎంత భారం వేస్తుందో చెప్పాలి, ఎందుకంటే బండే కదా మోసేది, మనిషి ఊరికే కూచుంటాడు అనుకునేవాళ్ళు మా ఊర్లో ఇప్పటికీ ఉన్నారు. అమెరికా ఔట్‌డోర్ మోటోక్రాస్‌లో ఒకే రోజు రెండు రేసులు (వీటినే మోటోలు అంటారు), ఒక్కోటి 30 నిమిషాలు ప్లస్ 2 ల్యాపులు. స్టేడియంలో జరిగే సూపర్‌క్రాస్‌లో 450 క్లాస్ (450 సీసీ పెద్ద బండ్ల తరగతి) మెయిన్ రేసు 20 నిమిషాలు ప్లస్ ఒక ల్యాప్. ఈ సమయంలో ఎక్కువసేపు నిలబడే ఉంటారు, నూరు కిలోలు పైన ఉండే బండిని మోకాళ్ళతో పట్టి, గుంతల్లో గాల్లో తిప్పుతూ ఉంటారు, గుండె తన గరిష్ట వేగంలో 90 శాతం చుట్టుపక్కలే రేసంతా కొట్టుకుంటుంది. మైదానంలో ఫాస్ట్ బౌలర్‌కి ఓవర్ల మధ్య ఊపిరి పీల్చుకునే గ్యాప్ ఉంటుంది, వీళ్ళకి అది లేదు. పైగా సీజన్ చూడండి, జనవరిలో మొదలయ్యే సూపర్‌క్రాస్ 17 రౌండ్లు, అయిపోయీ కాకముందే ఔట్‌డోర్ 11 రౌండ్లు, 2023 నుంచి చివర్లో ఇంకో 3 ప్లేఆఫ్‌లు కలిపారు, అంటే ఏడాదిలో 31 వారాంతాలు రేసులే, మధ్య వారాల్లో ప్రాక్టీసు, ప్రయాణం, దెబ్బలు.

ఇప్పుడు మెకానిక్ అన్న ప్రశ్నకి వస్తా. చెప్పేటోడు వాడే ఎందుకు తొక్కడు అని కదా. ఈ ఆటలో అందరికన్నా పేరున్న ట్రైనర్ ఆల్డన్ బేకర్, దక్షిణాఫ్రికా మనిషి, సైక్లింగ్ నుంచి వచ్చినోడు, మోటోక్రాస్ చాంపియన్ కానే కాదు. ఆయన చేతికి వచ్చిన మొదటి పెద్ద రైడర్ రికీ కార్మైఖేల్. కార్మైఖేల్ అప్పటికే చిన్న కుర్రోడేం కాదు, 1997 నుంచి 1999 దాకా 125 క్లాస్ ఔట్‌డోర్ టైటిల్ వరసగా కొట్టినోడు, 2000లో అప్పటి పెద్ద బండ్ల తరగతి 250 క్లాస్ ఔట్‌డోర్ కూడా కొట్టాడు, కానీ సూపర్‌క్రాస్‌లో జెరెమీ మెక్‌గ్రాత్ ముందు నిలవలేకపోయాడు. 2000 సూపర్‌క్రాస్ టైటిల్ మెక్‌గ్రాత్‌దే, అది ఆయనకి ఏడోది. ఆ తర్వాత కార్మైఖేల్ తిండి మార్చాడు, బరువు తగ్గాడు, సైకిల్ ఎక్కాడు, 2001లో 16 రౌండ్లలో 14 గెలిచాడు, అందులో 13 వరసగా. ట్యాలెంట్ ఆ చలికాలంలో కొత్తగా పుట్టలేదు కదా, ముందునుంచీ ఉన్నదే, దాన్ని రేసు చివరి నిమిషాల దాకా మోసే ఒళ్ళు తయారయింది. 2002లో ఔట్‌డోర్‌లో 24 మోటోలకి 24 గెలిచాడు, 2004లో మళ్ళీ అదే చేశాడు.

ఇంగ అక్కణ్ణుంచి లైన్ కట్టారు. జేమ్స్ స్టీవర్ట్, తర్వాత ర్యాన్ విల్లోపోటో, ర్యాన్ డంజీ, జేసన్ ఆండర్సన్, కూపర్ వెబ్. 2011 నుంచి 2019 దాకా తొమ్మిదేళ్ళు 450 సూపర్‌క్రాస్ టైటిల్ బేకర్ దగ్గర ట్రైనింగ్ చేసినోళ్ళ చేతుల్లోనే తిరిగింది. ఇది చూసినాక కూడా ట్రైనర్ వేస్ట్ అనేవాళ్ళతో నాకు మాట్లాడాలనిపించదు. మంచి రైడర్లే ఆయన దగ్గరికి పోయినారు కాబట్టి గెలిచినారు అనే వాదన ఒకటుంది, అందులో కొంత నిజముంది, కానీ కార్మైఖేల్ 2000కీ 2001కీ మధ్య మనిషి మారిపోలేదు, చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది.

అవతలి వాదన కూడా తేలిగ్గా తీసేయను. మెక్‌గ్రాత్ ఏడు టైటిళ్ళు ఇట్లాంటి ఫ్యాక్టరీ తరహా ట్రైనింగ్ లేకుండానే కొట్టాడు, బీఎంఎక్స్ సైకిళ్ళ నుంచి తెచ్చుకున్న టెక్నిక్‌తో అందరికన్నా తక్కువ అలసిపోతూ గెలిచాడు, చూస్తే ఎంత హాయిగా ఉండేదో. ఈలై టోమాక్ బేకర్ లాంటోళ్ళ ఫ్లోరిడా ట్రైనింగ్ క్యాంపుల వైపు పోకుండా కొలరాడోలో సొంత ఊర్లోనే ఉండి 2020, 2022 సూపర్‌క్రాస్ టైటిళ్ళు కొట్టాడు, 30 దాటినాక కూడా రేసులు గెలిచాడు. జెట్ లారెన్స్ 2023 ఔట్‌డోర్‌లో 22కి 22 మోటోలు గెలిచాడు. స్లోవేనియా నుంచి టిమ్ గైసర్ ఐదుసార్లు ప్రపంచ చాంపియన్. వీళ్ళలో ఎవరూ బేకర్ మనుషులు కాదు కదా అంటారు మావాళ్ళు.

కాదు, నిజమే. కానీ వీళ్ళ ఇళ్ళల్లోకి ఒకసారి తొంగి చూడండి. టోమాక్ నాన్న జాన్ టోమాక్ మౌంటెన్ బైకింగ్‌లో ప్రపంచ స్థాయి చాంపియన్, ఓర్పు అంటే ఏంటో ఆయన కన్నా తెలిసినోడు ఎవరు? లారెన్స్ అన్నదమ్ములని చిన్నప్పట్నుంచి ట్రాక్ పక్కన నిలబడి తయారు చేసింది వాళ్ళ నాన్న డారెన్. గైసర్‌కి ఏళ్ళ తరబడి ట్రైనర్, కోచ్, మేనేజర్ అన్నీ నాన్నే. పది ప్రపంచ టైటిళ్ళు కొట్టిన బెల్జియం స్టెఫాన్ ఎవర్ట్స్ నాన్న హ్యారీ ఎవర్ట్స్ తనే నాలుగు టైటిళ్ళ చాంపియన్. కార్మైఖేల్ విషయంలో కూడా బేకర్ రాకముందు ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ల్యాపు మీద ల్యాపు తిప్పించింది వాళ్ళమ్మ జీనీ. అంటే ఏంటి? కోచ్ లేకుండా గెలిచినోళ్ళు అని మనం చెప్పుకునే పేర్లలో చాలా పేర్లకి కోచ్ ఇంట్లోనే ఉన్నాడు, జీతం కాగితం మీద లేడు కాబట్టి మన లెక్కలోకి రాలేదు. నాకు ఈ వాదనలో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే. రేసర్ కడుపున పుట్టినోడికి కోచింగ్ ఊపిరితో పాటు వచ్చేస్తుంది, ధర్మవరంలోనో తాడిపత్రిలోనో పుట్టినోడిని చూసి మాత్రం "ట్యాలెంట్ ఉంటే కోచ్ ఎందుకురా" అంటాం.

సరే, ఇప్పుడు ఆపే మనిషి సంగతి.

విల్లోపోటో 2011 నుంచి 2014 దాకా నాలుగు సూపర్‌క్రాస్ టైటిళ్ళు వరసగా కొట్టాడు, 2015లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం యూరప్ పోయాడు, అక్కడ దెబ్బ తగిలింది, ఆ ఏడాదే రిటైర్ అయ్యాడు, వయసు 26. డంజీ 2017 టైటిల్ కొట్టిన వెంటనే రిటైర్ అయ్యాడు, వయసు 27. కార్మైఖేల్ 2007లో ఆపేశాడు, ఆయనకీ అప్పటికి 27 ఏళ్ళే. దెబ్బలూ ఉన్నాయి, డబ్బూ సంపాదించేశారు, కుటుంబాలు ఉన్నాయి, ఒక్క కారణం మీద నెట్టడం తప్పు. అయినా ఆ దినచర్య తనని ఎంత తినేసిందో విల్లోపోటో తర్వాత బయటికే చెప్పాడు. రోజూ సైకిల్ మీద గంటల తరబడి, తర్వాత ట్రాక్ మీద రేసంత పొడుగు మోటోలు, తర్వాత జిమ్, తిన్న ప్రతి ముద్దా లెక్క, ఏడాదిలో మనసుకి సెలవే లేదు. టైటిళ్ళు ఇచ్చిన పద్ధతే మనిషిని తొందరగా ఖాళీ చేసేసిందని నేను నమ్ముతా.

మన రాయలసీమ వాళ్ళకి ఇది అర్థం కాకపోవడం ఉండదు. బండలాగుడు పోటీలకి ఎద్దుల్ని తయారు చేసేటోళ్ళని చూడండి, ఉలవలు ఉడకబెట్టి పెడతారు, బండ కట్టి లాగిస్తారు, కానీ మంచి ఆసామి ఎవరంటే పోటీ దగ్గరికొచ్చేసరికి లాగించేది తగ్గించినోడు. ఎద్దు ఊపిరి చూస్తాడు, మేత ఎట్లా తింటాందో చూస్తాడు, ఈ రోజు కాడి వద్దులే అంటాడు. ఆశకొద్దీ పోటీ ముందు రోజు దాకా లాగించినోడి జత బరిలో సగం దూరంలోనే కూలబడుతుంది. ఎద్దు నోరు లేనిది కాబట్టి చూసుకునే బాధ్యత మనిషిది. రైడర్‌కి నోరు ఉంది, అయినా ఆ నోటితో అబద్ధమే చెప్తాడు, "నాకేం కాలేదు, బాగున్నా" అని.

పొద్దున లేచేసరికి గుండె మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటా ఉంటే, నిద్ర సరిగా పట్టకపోతే, నెలనెలా జలుబు జ్వరం వస్తా ఉంటే ఒళ్ళు కోలుకోలేదని అర్థం. ఎప్స్టీన్-బార్ అనే వైరస్ పేరు ఈ ఆటలో ఎంతమంది రైడర్ల నోట విన్నామో, సీజన్ మధ్యలో ఉన్నట్టుండి శక్తి మొత్తం పోయి, టాప్ త్రీలో ఉండాల్సినోడు పదో స్థానంలో ఈదులాడుతా ఉంటాడు. అట్లాంటప్పుడు రైడర్ చేసే మొదటి పని ఏంటంటే ఇంకా ఎక్కువ ట్రైనింగ్ చేయడం. ఓడిపోతున్నా కాబట్టి ఫిట్‌నెస్ చాల్లేదు అనుకుంటాడు. తవ్విన గుంతలోనే ఇంకా లోతుకి తవ్వుతాడు. అక్కడ చేయి పట్టుకుని పైకి లాగే మనిషి ట్రైనర్, అది చేయలేకపోతే ఆయనకి ఇచ్చే జీతం దండగ.

తలకి దెబ్బ తగిలినప్పుడు సంగతి ఇంకా ఘోరం. రేసు రోజైతే డాక్టర్లు ఉంటారు, జెండాలు ఊపేవాళ్ళు ఉంటారు, కెమెరాలు ఉంటాయి. మంగళవారం పొద్దున ప్రైవేట్ ట్రాక్ మీద ప్రాక్టీసులో పడితే ఎవరున్నారు? కంకషన్ (దెబ్బకి మెదడు అదిరిపోవడం) అయిన బుర్రతోనే తనకి కంకషన్ అయిందా లేదా అని తేల్చుకోలేడు కదా, దెబ్బ తగిలింది ఆ తేల్చుకునే దానికే. ట్రాక్ పక్కనున్న మనిషి తాళం లాగేసి ఇంటికి పంపాలి. ఒక్కడే ప్రాక్టీసు చేసుకునే రైడర్‌కి ఈ కాపలా లేదు, వాడు ఎంత పెద్ద చాంపియన్ అయినా సరే.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ ట్రైనర్‌కి జీతం ఎవరిస్తున్నారు? రైడరే ఇస్తా ఉంటే, వద్దు దిగు అన్న రోజు ట్రైనర్ ఉద్యోగమే పోవచ్చు. టీమ్ ఇస్తా ఉంటే, టీమ్‌కి శనివారం బండి స్టార్ట్ గేటు మీద ఉండాలి, స్పాన్సర్ స్టిక్కర్ టీవీలో కనపడాలి, ట్రైనర్ మీద ఒత్తిడి అటునుంచి వస్తుంది. ఇంకా ఒక ట్రైనర్ దగ్గర ఐదారుగురు చాంపియన్‌షిప్ పోటీదారులు కలిసి ప్రాక్టీసు చేసే పద్ధతి ఒకటుంది, పక్కనోడి స్పీడు చూసి నేర్చుకుంటారు అంటారు, నేర్చుకుంటారు కూడా, కానీ ప్రతి మంగళవారం ప్రతి గురువారం అది రేసే అవుతుంది, వారంలో ఒక్క రోజు కూడా తగ్గి తొక్కే ధైర్యం ఎవరికీ ఉండదు. నేను టీమ్ ఓనర్ అయితే ట్రైనర్ కాంట్రాక్టులో రాయిస్తా, రైడర్‌ని కూచోబెట్టే అధికారం ఆయనదే, అందుకు ఆయన ఉద్యోగానికి ఢోకా లేదు అని. ఆ ఒక్క లైను లేకుండా ఎంత పేరున్న ట్రైనర్ని పెట్టినా సగం పనే.

రైడింగ్ కోచ్ విషయం వేరే, దీని గురించి నాకు అసలు సందేహమే లేదు. ఫిట్‌నెస్ ట్రైనర్ లేకుండా కొన్నేళ్ళు నెట్టుకొచ్చే అనుభవజ్ఞుడు ఉండొచ్చు, తన ఒళ్ళు తనకి తెలిసి. రైడింగ్ కోచ్ లేకుండా మాత్రం ఎంత అనుభవమున్నా గుడ్డితనమే, ఎందుకంటే తన తల ఎటు వంగిందో, నడుము ఎంత వెనక్కి పోయిందో రైడర్‌కి కనపడే మార్గమే లేదు. ఆర్మ్ పంప్ తీసుకోండి. రేసు మధ్యలో ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, కండరంలోకి రక్తం చేరుతుంది కానీ చుట్టూ ఉండే పొర సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరుగుతుంది, వేళ్ళు తెరుచుకోవు, బ్రేక్ లివర్ నొక్కలేరు. మా పిల్లలు దీనికి మందు జిమ్‌లో డంబెల్స్ అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం హ్యాండిల్‌ని గట్టిగా పిసకడం, అది ఎందుకు పిసుకుతున్నాడంటే మోకాళ్ళతో బండిని పట్టట్లేదు, యాక్సిలరేటర్ తెరిచినప్పుడు ఒళ్ళు వెనక్కి పోతా ఉంటే చేతులతో వేలాడతాండాడు. రైడర్‌ని అడిగితే "కాళ్ళతోనే పట్టినా అన్నా" అంటాడు, నిజంగానే అట్లా అనుకుంటాడు, వీడియో చూపిస్తే గానీ నమ్మడు.

సూపర్‌క్రాస్‌లో అయితే ట్రాక్ ప్రతి వారం కొత్తది. అదే రోజు నడిచి చూడ్డం, కొన్ని ప్రాక్టీసు సెషన్లు, సాయంత్రం రేసు. వూప్స్ (వరసగా ఉండే చిన్న దిబ్బలు) మీద మిగతావాళ్ళు ఎటు వైపు నుంచి పోతాండారు, ఏ మూలలో గాడి లోతు పడింది, లోపలి లైను పట్టినోడు సెకనులో ఎంత భాగం మిగిల్చుకున్నాడు, ఇదంతా తను తొక్కుతూ తనే చూసుకోలేడు. రేసు మొదలయ్యాక చెవిలో చెప్పే రేడియో కూడా ఉండదు, మెకానిక్ ట్రాక్ పక్కన పట్టుకునే పిట్ బోర్డు అనే పలక మీద నాలుగు అక్షరాలే. కాబట్టి చెప్పాల్సిందంతా ముందే చెప్పి, ఆ నాలుగు అక్షరాలకి అర్థం ముందే కుదుర్చుకుని పంపే మనిషి కావాలి. ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జోయెల్ స్మెట్స్ లాంటోళ్ళని యూరప్ టీములు పిలిచి ట్రాక్ పక్కన నిలబెట్టుకునేది ఊరికే కాదు.

దీనికి సాక్ష్యం కోసం మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ వాళ్ళు ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీతో కలిసి 2010లో మన అనంతపురంలోనే టెన్నిస్ స్కూల్ పెట్టారు, మన పల్లె పిల్లలు అక్కడ రాకెట్ పట్టుకుంటున్నారు. ఆ నాదల్ 22 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినోడు, చిన్నప్పుడు బాబాయి టోనీ దగ్గర నేర్చుకున్నాడు, ప్రపంచ నంబర్ వన్ అయినాక కూడా ఆయన్నే కోచ్‌గా పెట్టుకున్నాడు, తర్వాత కార్లోస్ మోయాని పెట్టుకున్నాడు, ఆడినన్నాళ్ళూ ఎవరో ఒకరు కుర్చీలో కూచుని చూస్తానే ఉన్నారు. టెన్నిస్‌కి ఒప్పుకుంటాం, క్రికెట్‌కి ఒప్పుకుంటాం, బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ధైర్యం ఉన్నోడి ఆట, ఒకడు చెప్తే వచ్చేది కాదు అంటాం. ఈ మాట వల్లే మన పిల్లల చేతులు కాళ్ళు విరుగుతాండాయి. చెప్తే వచ్చేదే. ఎక్కడ బ్రేక్ వదలాలి, జంప్ ఎక్కేటప్పుడు కాళ్ళు ఎట్లా ఉంచాలి, పడితే ఎట్లా పడాలి, ప్రతిదీ చెప్తే వచ్చేదే.

మన దేశంలోనూ దారి పడింది. బెంగళూరు సి.ఎస్. సంతోష్ 2015లో రోజుల తరబడి ఎడారుల్లో సాగే డాకర్ ర్యాలీకి పోయి 36వ స్థానంలో పూర్తి చేశాడు, కోలార్ దిక్కు బిగ్ రాక్ డర్ట్ పార్క్ పెట్టి కుర్రోళ్ళకి నేర్పించాడు. కేరళ హరిత్ నోవా 2024 డాకర్‌లో ర్యాలీ 2 క్లాస్ (పై తరగతి తర్వాత రెండోది) గెలిచాడు. అదే ఏడాది ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ మొదటి సీజన్ పుణే, అహ్మదాబాద్, బెంగళూరులో జరిగింది, విదేశీ రైడర్లు వచ్చి మనోళ్ళతో తొక్కారు. మాకు హైవే ఎక్కితే పొద్దున టిఫిన్ టైముకి బెంగళూరు, దాన్ని దాటితే కోలార్. దూరం కాదు అడ్డం.

అడ్డమేందో చెప్తా. ఎండిపోయిన చెరువుల్లో, ఎర్రమట్టి దిబ్బల మీద హీరో ఎక్స్‌పల్స్ బండ్లు ఎగరేసే పిల్లలు మా చుట్టూ ఉన్నారు, చూస్తే ముచ్చటేస్తుంది, భయమూ వేస్తుంది. వేరుశనగ డబ్బులో, అన్న పంపిన డబ్బులో చేతికి రాగానే మొదట సైలెన్సర్ మారుస్తారు, తర్వాత గ్రాఫిక్స్ స్టిక్కర్లు, తర్వాత హ్యాండిల్ బార్. నెక్ బ్రేస్, మోకాలి గార్డు చివరికి. కోచ్ అసలు లిస్టులోనే లేడు. నన్నడిగితే హెల్మెట్, బూట్లు, గార్డులు అయినాక వచ్చే మొదటి రూపాయి కోచ్‌కి పోవాలి, సస్పెన్షన్ కూడా ఆ తర్వాతే, నిలబడే తీరే సరిగా లేనోడికి సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉండి ఏం లాభం. అంత డబ్బు లేనోళ్ళు అప్పటిదాకా కనీసం ఒంటరిగా తొక్కొద్దు, ఒకడు మూల దగ్గర నిలబడి ఫోన్‌లో తీయాలి, ల్యాపులు రాయాలి, ల్యాపు ల్యాపుకీ టైము పెరుగుతా పోతే బండి ఆపించాలి, వాడు తిట్టినా ఆపించాలి.

ఇక్కడ రేసు పెట్టాలని తిరుగుతాండే అన్నలకి నేను అడిగేది ఒకటుంది. ట్రోఫీ సైజు తగ్గించుకోండి, డీజే ఖర్చు తగ్గించుకోండి, ఆ డబ్బుతో బెంగళూరు నుంచో పుణే నుంచో ఒక మంచి కోచ్‌ని ముందు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్రాక్ మీద పెట్టండి. పేరిచ్చిన ప్రతి పిల్లోడూ ఆయన ముందు తిప్పి చూపించి, ఆయన చెప్పింది విన్నాకే మరుసటి రోజు గేటు దగ్గరికి రావాలని రూల్ పెట్టండి, వీడు ఇంకా రెడీ కాదు అని ఆయన అంటే ఎంట్రీ ఫీజు తిరిగిచ్చి పంపండి, వాడు ఎమ్మెల్యే మనిషైనా సరే. అంబులెన్స్ లేకుండా రేసు పెట్టకూడదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు కదా, ఇది కూడా అదే లిస్టులో రాసుకోండి.